హద్దురాళ్లు పాతిన పని: పూనా మహాభారత పరిష్కరణ చరిత్ర

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయవలసినదని కార్యవర్గమువారు కోరినప్పుడు, గ్రామ లెక్కలు వ్రాసికొను నాకు ఈ పని తగునా యని కొంత సందేహించితిని. నేను పాఠశాలలో చదివినది స్వల్పము. కావ్యములు, వ్యాకరణము, ఛందస్సు మొదలైనవి దస్తరము కట్టిపెట్టిన తరువాత రాత్రివేళల దీపము ముందు కూర్చుండి నాకు నేనై చదువుకొన్నవే. ఆ పుస్తకములలో సగము ఈ గ్రంథాలయపు బీరువాలనుండి తెచ్చుకొన్నవి. ఆ ఋణము కొంతయైనను తీరునేమో యను ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. తప్పులున్నచో పెద్దలు మన్నింతురు గాక.

పలువురు చేరి చేయు పెద్దపని ఒకచోట కడముట్టును, ఇంకొకచోట నడుమనే నిలిచిపోవును. ఇట్లేల జరుగును? ధనలోపమని కొందరు, శ్రద్ధాలోపమని కొందరు చెప్పుదురు. అవి కారణములు కావని నేననను. కాని ధనము, శ్రద్ధ, పాండిత్యము మూడును ఉండియు ఆగిపోయిన పనులు లేకపోలేదు. నా వృత్తినిబట్టి నాకు తోచిన కారణము ఒకటి కలదు. పనిని దశలుగా విభజించి, ఏ దశలో ఏమి తయారు కావలెనో, ఆ దశలో ఏది ముట్టరాదో, ఎంతవఱకు వచ్చిన ముగిసినట్లో ముందుగా నిర్ణయించి కాగితముమీద పెట్టవలెను. పొలమునకు హద్దురాళ్లు ఎట్టివో పనికి ఈ నిర్ణయములు అట్టివి. హద్దురాయి లేని పొలములో అన్నదమ్ములైనను తగవులాడుదురు.

మన ఆంధ్ర మహాభారతమే పలువురి చేతిపని. 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు ఆది, సభాపర్వములను, అరణ్యపర్వమున నాలుగవ ఆశ్వాసము నడిమి వఱకును రచించెను. 13వ శతాబ్దమున తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలు కడవఱకు 15 పర్వములను నిర్మించెను. నడుమ మిగిలిన అరణ్యపర్వ శేషమును 14వ శతాబ్దమున ఎఱ్ఱాప్రెగడ పూరించెను. తిక్కన తన భాగమును హరిహరనాథునకు అంకితము చేసియుండగా, ఎఱ్ఱన తన పూరణమును రాజరాజనరేంద్రుని పేరనే నడపి, నన్నయయే ముగించినట్లు కూర్చెను. అతని శైలియు నన్నయ ధోరణితో మొదలై తిక్కన ధోరణిలో కలియునని విమర్శకులు చెప్పుదురు. తన పేరు నిలుపుకొనుటకు చోటున్న చోట కూడ ఆ మహానుభావుడు తన పని మేరను దాటలేదు.

ఎఱ్ఱనకు ఇట్లు చేయుమని నియమము వ్రాసి ఇచ్చినవారు లేరు. మహాకవి గనుక తానే ఊహించుకొనెను. పనికి వచ్చువారందరును ఎఱ్ఱనలు కారు గదా! సామాన్యులు పదిమంది చేరినప్పుడు నియమము మనసులో ఉన్న చాలదు. ఈ సంగతిని లోకమునకు చక్కగా చూపినది, ఆ మహాభారతమునకే సంస్కృత మూలమును పరిష్కరించిన పూనా పండితుల పని. 1919లో మొదలై 1966లో ముగిసిన ఆ పని చరిత్రను ఇచట సంగ్రహముగా చెప్పెదను.

వ్యాసభారతము వేల యేండ్లు నోటను, చేతివ్రాతను సాగివచ్చిన గ్రంథము. కాశ్మీరమున శారదాలిపిలో, నేపాళ వంగ మిథిలా దేశములలో ఆయా లిపులలో, ఉత్తరమున విరివిగా దేవనాగరిలో, దక్షిణమున తెలుగు, గ్రంథ, మలయాళ లిపులలో దానిని వ్రాసికొనిరి. వ్రాయువాడు ఒకచోట కన్ను జారి పంక్తి విడుచును. ఒకచోట అర్థము కాని మాటను తీసివైచి అర్థమగు మాటను పెట్టును. ఇంకొకచోట తాను విన్న కథను భక్తితో చేర్చును. ఇట్లు తరతరములు జరుగగా ఏ రెండు దేశముల ప్రతులును కలియని స్థితి ఏర్పడెను. ఉత్తర దేశపు పాఠమొకటి, దక్షిణ దేశపు పాఠమొకటి. ఒక్కొక్కదానిలో మరల ఎన్నో శాఖలు.

దీనిని సరిచేయవలెనను మాటను మొదట బిగ్గరగా పలికినవాడు వింటర్నిట్జ్ అను పండితుడు. 1897లో పారిసు నగరమున కూడిన ప్రాచ్య విద్వత్సభలో ఆయన ఈ ప్రతిపాదన చేసెను. ఐరోపా పండిత పరిషత్తులు అంగీకరించి, లూడర్సు అను జర్మను పండితునిచే 1908లో ఒక చిన్న నమూనా అచ్చువేయించెను. 1914లో మహాయుద్ధము రాగా ఆ ప్రయత్నము అంతటితో ఆగిపోయెను. అటుపిమ్మట 1917లో పూనాలో రామకృష్ణ గోపాల భాండార్కరు పేర ఒక పరిశోధన సంస్థ ఏర్పడెను. ఔంధు సంస్థానాధీశుడు ఒక లక్ష రూపాయల విరాళము వాగ్దానము చేసెను. 1919వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన వృద్ధ భాండార్కరు చేతిమీదుగా పని ప్రారంభమాయెను.

ప్రారంభోత్సవము జరిగినంతమాత్రమున మార్గము తెలిసినట్లు కాదు. అందుచేత ఆ సంస్థవారు మొదట ఒక మెలకువ చూపిరి. 18 పర్వములను ఒక్కసారి తలకెత్తుకొనక, విరాటపర్వమును నమూనాగా తీసికొనిరి. ఉత్గీకర్ అను పండితుడు 16 ప్రతులను సరిచూచి, 1923లో ఆ పర్వమును తాత్కాలిక ముద్రణముగా ప్రకటించెను. ఇది నిర్ణీత పాఠమని చెప్పక, విద్వాంసుల అభిప్రాయముల కొఱకే దేశవిదేశములకు పంపిరి. రైతు క్రొత్త విత్తనము వచ్చినప్పుడు పొలమంతయు చల్లక ఒక మడిలో చల్లి చూచును గదా! అదియే బుద్ధి.

1925వ సంవత్సరము ఆగస్టులో విష్ణు సీతారామ సుక్థాంకర్ ప్రధాన సంపాదకత్వము స్వీకరించెను. ఈయన కేంబ్రిడ్జిలో గణితము చదివి, తరువాత బెర్లినులో లూడర్సువద్ద సంస్కృత భాషాశాస్త్రము నేర్చినవాడు. గణితము చదివిన చేయి అగుటచేత కాబోలు, ఆయన చేసిన పనిలో లెక్క తప్పిన పంక్తి కానరాదు. ఆయన ఆదిపర్వమును తానే చేపట్టి, పనిలోని ఒక్కొక్క దశకు నియమము ఏర్పరచెను. ఆ దశలను వరుసగా చెప్పెదను.

మొదటి దశ ప్రతులను ఏర్చుట. ఆదిపర్వమునకు దాదాపు 235 వ్రాతప్రతులున్నట్లు లెక్క తేలెను. అందు దేవనాగరి ప్రతులు 107, వంగ ప్రతులు 32, గ్రంథలిపి ప్రతులు 31, మన తెలుగు ప్రతులు 28, మలయాళ ప్రతులు 26. తక్కినవి ఇతర లిపులవి. వీనిలో సుమారు 70 ప్రతులను పరీక్షించి, 60 ప్రతులను పాఠనిర్ణయమునకు స్వీకరించిరి. సంఖ్యలో దేవనాగరి ప్రతులు అధికమని వానికే పెత్తన మీయలేదు. ప్రతి దేశపు శాఖకును సాక్ష్యమిచ్చుటకు అవకాశము కలుగవలెననుట నియమము. శారదాలిపి ప్రతులు మూడే లభించినను ఉత్తర పాఠమున వాని మాటకు విలువ హెచ్చు. దక్షిణమున మలయాళ ప్రతులు కల్తీ తక్కువ గలవిగా తేలెను. మన తెలుగు ప్రతులలో ఉత్తర పాఠముల కలగలుపు ఎక్కువగా కనబడెను. ఇది మనకు కొంచెము కష్టముగా ఉన్నను, సాక్షిని కులగోత్రములనుబట్టి గాక మాటనుబట్టి నమ్మవలెను.

రెండవ దశ ప్రతులను సరిచూచుట. ఇందులకు అడ్డముగా నిలువుగా గీతలు గీసిన పెద్ద కాగితములు చేయించిరి. లోకమున వ్యాప్తిలోనున్న నీలకంఠ పాఠమునందలి శ్లోకమును పై వరుసలో అక్షరమునకు ఒక గడి చొప్పున వ్రాయుదురు. క్రింది వరుసలు ఒక్కొక్క ప్రతివి. ప్రతిలో ఏ అక్షరము భేదించునో ఆ అక్షరమును దాని గడిలో వేయుదురు. అధికముగానున్న శ్లోకములను అంచునగాని, వేఱు కాగితమునగాని ఎత్తివ్రాయుదురు. ఏ శ్లోకమునకైనను కనీసము 10 ప్రతులు చూడనిదే ఈ దశ ముగిసినట్లు కాదు. అనేక భాగములకు 20, కొన్నింటికి 30, కొద్ది భాగములకు 40 ప్రతుల వఱకు చూచిరి. మా అడంగలు కాగితములను ఎఱిగినవారికి ఈ పద్ధతి సులభముగా బోధపడును. సర్వే నంబరుకు ఒక వరుస, పైరుకు ఒక గడి. గడి ఖాళీగానున్నచో తాసిల్దారుగారి కన్ను దానిమీదనే పడును.

ఈ దశలో పనిచేసినవారు ఉత్తర దక్షిణ దేశముల శాస్త్రులు, విశ్వవిద్యాలయ పట్టభద్రులు. పూనాలోనే గాక, వంగ ప్రతులను శాంతినికేతనమునందు, దక్షిణ ప్రతులను తంజావూరు సరస్వతీ మహలునందు సరిచూచిరి. మూడు ఊళ్లలో, వేఱు వేఱు లిపులు చదువువారు పనిచేసినను కాగితములు ఒక్క తీరుననే తయారైనవి. అదెట్లు సాధ్యమాయెను? సరిచూచువానిని ‘ఏ పాఠము మంచిది?’ అని అడుగలేదు. ‘నీ ఎదుటి ప్రతిలో ఏమున్నది?’ అని మాత్రమే అడిగిరి. మంచిచెడ్డల నిర్ణయము అతని దశలోనిది కాదు. పండితుడు తన పాండిత్యమును కొంతసేపు ప్రక్కన పెట్టుట ఎంత కష్టమో ఆ పని చేసినవారికే తెలియును. ఆ కష్టమునే నియమముగా పెట్టిరి.

మూడవ దశ ప్రతుల చుట్టరికములను నిర్ణయించుట. ఏ ప్రతి ఏ శాఖనుండి పుట్టినది, ఏది దేనిని చూచి వ్రాయబడినది యని తేల్చినగాని సాక్ష్యమును తూచుటకు వీలులేదు. ఒకే తల్లిప్రతినుండి పుట్టిన పది ప్రతులు ఒకే మాట చెప్పినను అది ఒక్క సాక్ష్యమే. ఒకదానితో ఒకటి సంబంధము లేని రెండు శాఖలు ఏకీభవించినచో ఆ మాటకు బలము. నాలుగవ దశ పాఠనిర్ణయము. ఇతర పాఠములెట్లు పుట్టినవో ఏ పాఠము వలన విశదమగునో దానిని గ్రహించుట, ప్రతులలో లేని సొంత సవరణకు అన్ని దారులు మూసికొనిపోయినప్పుడే పూనుకొనుట అనునవి ఇచటి నియమములు. నిశ్చయము తక్కువగానున్న చోట ఆ మాట క్రింద అలవంటి గీత గీసిరి. చదువరి ఆ గీతను చూచి, సంపాదకుడు ఇచట గట్టిగా చెప్పుటలేదని తెలిసికొనును.

అయిదవ దశ ముద్రణము. ఈ దశకు పెట్టిన నియమమే నాకు అన్నింటికంటె గొప్పగా తోచినది. మూలములో చేర్చనిది ఏదియు పాఱవేయరాదు. చిన్న భేదములు పుట అడుగున, చేర్పు శ్లోకములు నక్షత్రపు గుర్తుతో అచటనే, పెద్ద ఘట్టములు అనుబంధములలో ప్రకటింపవలెను. వ్యాసుడు చెప్పగా వినాయకుడు వ్రాసెనను కథ మనలో తెలియని బిడ్డ లేదు. ప్రతుల సాక్ష్యము చాలక అది ఆదిపర్వ మూలమునుండి అనుబంధమునకు పోయెను. 1944లో సభాపర్వమును ప్రకటించిన ఎడ్జర్టన్ అను అమెరికా పండితుడు, నిండుసభలో ద్రౌపది కృష్ణుని మొఱపెట్టుకొను ఘట్టమును అట్లే మూలమునుండి తప్పించి అడుగున నిలిపెను. భక్తులకు ఇది మనసు నొచ్చిన సంగతియే. నేనును మొదట విని నొచ్చుకొన్నవాడనే. కాని ఆ శ్లోకములు ఆ పుస్తకములోనే, ఏ ఏ ప్రతులలో కలవో సహా అచ్చులో ఉన్నవి. సంపాదకుని తీర్పు నచ్చనివాడు ఆ సాక్ష్యమునే తీసికొని మాఱుతీర్పు చెప్పుకొనవచ్చును.

ఇదియే మా లెక్కలలోని ధర్మము కూడ. అంకె తప్పుపడినచో చెఱిపి దానిమీద వ్రాయరాదు. పాత అంకె కనబడునట్లు ఒక్క గీత గీసి, ప్రక్కన సరియైన అంకె వేసి, పొడి సంతకము చేయవలెను. చెఱిపినవాడు దొంగయైనను కావచ్చును, మంచివాడైనను కావచ్చును. వెనుక వచ్చువానికి తెలియదు. గీత గీసి సంతకము చేసినవానిని వెనుకవాడు పరీక్షింపగలడు.

ఇచట ఒక సందేహము రావచ్చును. ఈ నియమములన్నియు మొదటి దినముననే సిద్ధముగా నుండెనా? లేదు. 1923 నాటి నమూనా ముద్రణము వలన కొన్ని తేలినవి. 1927లో ఆదిపర్వపు మొదటి భాగమును ప్రకటించినప్పుడు సుక్థాంకర్ కొన్నింటిని చెప్పెను. 1933లో ఆదిపర్వము ముగిసినప్పుడు వ్రాసిన సుదీర్ఘమైన ఉపోద్ఘాతములో అన్నింటిని సకారణముగా స్థిరపఱచెను. కొంత పనిచేసి, అనుభవముతో నియమమును కట్టి, మిగిలిన పనికంతకును దానిని కొలబద్దగా నుంచిరి. ఏమియు చేయకముందే వ్రాసిన నియమము గాలిలోని మేడ. అంతయు చేసిన పిమ్మట వ్రాసిన నియమము చచ్చినవానికి మందు.

విమర్శలు లేకపోలేదు. ఇన్ని శాఖలనుండి ఒక మూలము తీయుట సాధ్యము కాదనియు, నీలకంఠ పాఠమునే అచ్చువేసి భేదములను క్రింద చూపిన చాలుననియు సిల్వేన్ లెవీ అను ఫ్రెంచి పండితుడు సూచించెను. ఆ వాదమునకు నేటికిని పక్షపాతులు కలరు. అయితే ఆ వాదము చేయువారును తమకు కావలసిన సాక్ష్యమును పూనా సంపుటముల అడుగుభాగమునుండియే తీసికొనుచున్నారు. మఱియొక విశేషము. ఆదిపర్వము అచ్చయిన తరువాత నేపాళమునుండి చాల ప్రాచీనమైన ఒక ప్రతి లభించెను. సుక్థాంకర్ నిర్ణయించిన పాఠములను అది పెక్కుచోట్ల బలపఱచెను. తీర్పు చెప్పిన తరువాత దొరకిన దస్తావేజు తీర్పునకు అనుకూలించుటకంటె న్యాయమూర్తికి కావలసిన సంతోషమేమి?

నా వ్యాసమునకు ప్రాణమైన సంగతి ఇక చెప్పెదను. సుక్థాంకర్ ఆదిపర్వమును, 1942లో ఆరణ్యకపర్వమును ప్రకటించి, 1943వ సంవత్సరము జనవరి 21వ తేదీన అకస్మాత్తుగా పరమపదించెను. పని సగమైనను కాలేదు. ఐనను ఆగలేదు. విరాటపర్వమును రఘువీరుడు, ఉద్యోగపర్వమును సుశీలకుమార డే అప్పటికే ముగించియుండిరి. బేల్వల్కర్ ప్రధాన సంపాదకుడై 1961 వఱకు నడిపెను. అటుపిమ్మట పి.ఎల్. వైద్య కడముట్టించెను. కొన్ని పర్వములను దాండేకర్, వేలంకర్, పరాంజపే, కర్మార్కర్ మొదలైనవారు పరిష్కరించిరి. మొత్తము పరిశీలించిన వ్రాతప్రతులు 1,259, సంపుటములు 19, పుటలు 13,000కు పైగా. 1966వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన పూనాలో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు ఈ మహాకార్యము ముగిసినదని ప్రకటించెను. మొదలుపెట్టినవాడు పోయినను, నడిపించినవాడు పోయినను, నియమములు పోలేదు గనుక పని నిలిచెను.

తెలుగువారికి ఈ కథలో ఒక చిన్న భాగము కలదు. పాఠనిర్ణయమునకు వ్రాతప్రతులతో పాటు ప్రాచీనమైన అనువాదములను కూడ సుక్థాంకర్ సాక్ష్యముగా తీసికొనెను. జావా దేశపు ప్రాచీన భారతము, కాశ్మీరకవి క్షేమేంద్రుని భారతమంజరి, వానితో పాటు మన నన్నయ ఆదిపర్వము ఆ వరుసలో నున్నవి. నన్నయ ఎదుట ఉండిన సంస్కృత ప్రతి నేడు లేదు. ఆయన తెనుగే దానికి గుర్తు. రాజమహేంద్రవరమున వ్రాసిన గ్రంథము తొమ్మిది వందల ఏండ్లకు పూనాలో సాక్షిగా నిలుచుట మనకు గర్వకారణము.

ఇట్టి పద్ధతి మన దేశమునకు పూనాతోనే వచ్చెనని తలచరాదు. అంతకు నూఱేండ్లకు ముందే, 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను మన పద్యకావ్యములకు ఇట్టి పనియే చేయించెను. కడపలో తన బంగళాలో సొంత జీతములమీద పండితులను, లేఖకులను నిలిపెను. అయోధ్యాపురము కృష్ణారెడ్డి ఆ పనులను చూచుకొనెను. జూలూరి అప్పయ్య మున్నగు విద్వాంసులు పరిష్కరణమునకు, వ్యాఖ్యానములకు తోడ్పడిరి. అచటను దశలు కలవు. ఊరూర ప్రతులు సేకరించుట ఒకటి. పద్యములకు సంఖ్యలు వేసి, ఒక పుట విడిచి ఒక పుట వ్రాయించి, ఆ ఖాళీ పుటలలో పాఠాంతరములను ఎక్కించుట రెండవది. సంస్కృతాంధ్రములు, ఛందస్సు తెలిసిన ముగ్గురు పండితుల సమక్షమున పద్యము పద్యమునకు చర్చించి, సాక్ష్యములు విన్న న్యాయాధికారివలె నిర్ణయించుట మూడవది. వేమన పద్యములు 1829లో 693 ప్రకటించి, 1839లో 1,164 ప్రకటించెను. 1852లో వెలువడిన ఆయన తెలుగు నిఘంటువునకు ఈ శ్రమయే పునాది. ఆ వ్రాతప్రతులు నేటికిని చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున పండితులకు ఉపయోగపడుచున్నవి. ఆయన బంగళా ఉండిన చోటనే కడపలో నేడు ఆయన పేర గ్రంథాలయము వెలసినది.

దీనికి ప్రక్కన మన మరియొక మహాప్రయత్నమును గౌరవముతోనే తలచుకొనవలెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు పూనిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వము అకారాది శబ్దములు దాటకముందే 1923లో ఆయన కీర్తిశేషులైరి. కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు మరల పూని, వారును 1938లో గతించిరి. వారి పాండిత్యమునకు, త్యాగమునకు చేతులెత్తి నమస్కరింతును. ఆ భారమంతయు ఒక్కొక్కరి భుజముమీదనే యుండెను. మనిషి ఎంత గొప్పవాడైనను ఆయువు అతని చేతిలో లేదు. అందుచేత పనిని మనిషిమీద గాక నియమముమీద నిలుపవలెనని పెద్దల చరిత్ర మనకు బోధించుచున్నది.

ఇన్ని గొప్ప సంగతులు చెప్పిన పిమ్మట మన ఊరి చిన్న సంగతి చెప్పక తప్పదు. ఈ గ్రంథాలయము పెట్టిన తొలి సంవత్సరములలో మన గ్రామ చరిత్ర, పాటలు, స్థలనామములు సేకరింపవలెనని అయిదుగురము పూనుకొంటిమి. ఉత్సాహమునకు లోటులేదు. ఎవరు ఏమి తేవలెనో, ఎట్లు వ్రాయవలెనో, ఎంతవఱకు వచ్చిన చాలునో ఎవరును నిర్ణయింపలేదు. ఒకరు పేర్లు వ్రాసి ఊళ్లు వ్రాయలేదు. ఒకరు కథలు వ్రాసి చెప్పినవారి పేర్లు విడిచిరి. రెండేండ్లు గడచిన తరువాత కాగితములన్నియు ఒక కట్టగా కట్టి బీరువా అడుగున పెట్టితిమి. అవి నేటికిని అచటనే యున్నవి.

అందు అన్నింటికంటె పెద్ద తప్పు నాది. మన ఊరి ఒక ముదుసలి తిరుగలి పాటలు పాడుచుండగా వ్రాసికొనుపని నాకు అప్పగించిరి. అప్పటికి నేను క్రొత్తగా ఛందస్సు నేర్చినవాడను. ఆమె పాట నడకలో గణములు తప్పినట్లు నాకు తోచినచోట మాటలు దిద్దితిని. గ్రామ్యమని తోచినచోట గ్రంథపు మాట పెట్టితిని. ‘అయ్యా, నేనట్లా పాడలేదు’ అని ఆమె ఒకసారి అన్నది. నేను నవ్వి ఊరకుంటిని. దిద్దకముందు వ్రాసిన చిత్తుకాగితములను పాఱవైచితిని. ఆమె గతించి చాల ఏండ్లైనది. ఆ పాటలు తెలిసినవారు ఊరిలో మఱి లేరు. నేను వ్రాసిన కాగితములు మాత్రము అందముగా నున్నవి. అందులో ఆమె మాట ఏదో, నా మాట ఏదో నేడు నాకే తెలియదు. సరిచూచువాని దశలో నిలువక తీర్పరి పీటమీద కూర్చున్నందుకు కలిగిన ఫలమిది. పూనా శాస్త్రులకు పెట్టిన ఆ ఒక్క నియమము ఆనాడు నాకును పెట్టియున్నచో, ‘నీ చెవికి ఏమి వినబడినది?’ అని మాత్రమే అడిగియున్నచో, ఆ పాట దక్కియుండెడిది.

రజతోత్సవ సందర్భమున ఈ పనిని మరల చేపట్టవలెనని యువకులు ఉత్సాహపడుచున్నారు. వారికి నా విన్నపము ఇంతే. మొదట ఒక్క వీథిని నమూనాగా తీసికొనుడు. దానినుండి కలిగిన అనుభవముతో నియమములు వ్రాసి గ్రంథాలయపు గోడకు అంటింపుడు. సేకరించువాడు విన్నది విన్నట్లు వ్రాసి, చెప్పినవారి పేరు, ఇల్లు, తేదీ వేసిన తరువాతనే కాగితము అప్పగింపవలెను. ఒక పుట వ్రాసి ఒక పుట ఖాళీగా విడువవలెను. ఒకే సంగతి ఇద్దరు ముగ్గురు చెప్పినదాక సరిచూచు దశ ముగిసినట్లు కాదు. నిర్ణయించుటకు వేఱుగా ముగ్గురు పెద్దలు కూర్చుండవలెను. వారు త్రోసివైచినదియు అడుగున అచ్చుకావలెను. మనలో ఎవరు ఉన్నను లేకున్నను పని సాగును.

నా వంతుగా ఆ పాత కట్టను బీరువానుండి తీసి, దుమ్ము దులిపి, కార్యవర్గమువారికి అప్పగించుచున్నాను. తిరుగలి పాటలున్న కాగితములు 11. ఒక్కొక్కదానిపై ‘వ్రాసినవాడు దిద్దినది, మూలము లేదు’ అని వ్రాసి పొడి సంతకము చేసియున్నాను.